ఓడ మీది వంటాయన

స్టేజీ మీద నన్ను పెళ్ళాడిన మగవాళ్ళందరినీ వరుసగా నిలబెడితే, సిద్దిపేట పాత బస్టాండు దగ్గర మొదలైన వరుస ఊరు దాటి మక్క చేన్లలోకి పోతుంది. టీచర్లు, పోస్టుమాన్లు, తహసీలు ఆఫీసు గుమాస్తాలు, ఒక పశువుల డాక్టరు. వాళ్ళలో సగం మందికి మరుసటి ఏడు తల్లిని కూడా అయ్యాను. చుట్టుపక్కల ఏ ఊళ్ళో నాటకం వేసినా మగ వేషాలకు కొట్లాటే, ఆడ వేషానికి మాత్రం నాకు కార్డు ముక్క వచ్చేది. పొద్దున బస్సులో నా మాటలు బట్టీ పట్టుకుంటూ పోవాలి. మధ్యాహ్నం ఒక్క రిహార్సలు, సాయంత్రం ముఖానికి రంగు, మర్నాడు తొలి బస్సుకు తిరుగు ప్రయాణం. పక్కన నిలబడ్డవాడి అసలు పేరు తెలియకుండానే అతని కోసం గుండెలు బాదుకుని ఏడ్చేదాన్ని.

జగదేవ్‌పూర్‌లో ఒకసారి అత్త వేషం వేయాల్సినామె రాలేదు. అత్తా నేనే, కోడలూ నేనే అయ్యాను. కొంగు తల మీద కప్పుకుంటే అత్త, నడుముకు దోపుకుంటే కోడలు. ఆ కొస నుంచి ఈ కొసకు ఉరుకుతూ నాతో నేనే కొట్లాడాను. జనం రెండు పార్టీలుగా చీలిపోయారు. అత్త పార్టీవాడొకడు కోడలి మీదికి చెప్పు విసిరాడు. అది వచ్చేసరికి నేను అత్తనై ఉన్నాను. నమ్మకపోతే ఆ ఊరికి పోయి అడగండి, వాళ్ళు ఇంతకంటే పెద్దది చెబుతారు.

కోతలు కోయడం నాకు కిరాయి గది కోసం తిరిగినప్పుడు అబ్బింది. ఒంటరి ఆడది, పైగా నాటకాలది అని తెలియగానే ఇంటివాళ్ళ ముఖాలు మారిపోయేవి. మూడు ఇళ్ళల్లో మూడేసి నెలలు కూడా ఉండనివ్వలేదు. నాలుగో ఇంటికి పోయేముందు నాటకాల పెట్టెలోంచి గిల్టు పుస్తెలు తీసి మెడలో వేసుకున్నాను. ఆ ఇంటామె పిల్లలు లేని ముసలి విధవ. ముందు గదిలో చిన్న కిరాణా దుకాణం నడిపేది.

"మొగడేడి?" అంది, నన్ను కింది నుంచి మీది దాకా చూసి.

"బొంబాయిల ఉన్నడవ్వా."

"ఏం పని?"

మిల్లు అందామనుకున్నాను. కానీ ఆ వాడకట్టులో సగం మంది చుట్టాలు బొంబాయి మిల్లుల్లోనే ఉన్నారు, ఆరా తీస్తారు. "ఓడల వంట చేస్తడు," అన్నాను.

"నీళ్ళ మీద పొయ్యి మండుతదా?"

"ఇనుప పొయ్యి అవ్వా. ఓడ ఊగినప్పుడు గంజును కాళ్ళ నడుమ వట్టుకొని కలుపుతడు."

"అయ్యో కొడుకా," అని తాళంచెవి నా చేతిలో పెట్టింది.

ఆ రోజు నుంచి మా ఇద్దరికీ అతనే కాలక్షేపం. సాయంత్రం దుకాణంలో గిరాకీ తగ్గగానే అవ్వ గడప మీద కూర్చుని, "ఇప్పుడు ఓడ ఎక్కడుండొచ్చు బిడ్డా?" అని అడిగేది. నేను నోటికొచ్చిన దేశానికి పంపేదాన్ని. అతను వంకాయ ముట్టడని చెప్పాను. నిద్రలో ఉల్లిగడ్డలు లెక్కపెడతాడని చెప్పాను. సముద్రం మీదికి పోస్టుమాను ఎట్లా పోతాడు గనక, ఉత్తరాల బాధ లేదు. నేను హైదరాబాదు పోతుంటే అవ్వ మామిడికాయ తొక్కు సీసాలో పెట్టి, "బొంబాయి పోయేటోళ్ళెవరన్న ఉంటే ఇచ్చి పంపు," అనేది. ఆ తొక్కు నేనే తినేదాన్ని, అతని వంతు కూడా.

నాటకం ఆడి తొలి బస్సులో వచ్చేసరికి వాడకట్టులో ప్రతి ఇంట్లో పొయ్యి వెలిగి ఉండేది. నా గదికి మాత్రం నేను వేసిన తాళం నేను వేసినట్టే ఉండేది. లోపలికి పోయి చెప్పులు విప్పుతూ, "ఇయ్యాల ఏం వండినవ్?" అని పైకే అడిగిన పొద్దులున్నాయి. ఇందులో కోత లేదు.

తరవాత టీవీ వాళ్ళు పిలిచారు. అప్పటికి నలభైకి దగ్గరపడ్డాను. స్టేజీ మీద రాణినైన నేను టీవీలో నర్సును, పనిమనిషిని, మేనత్తను, జడ్జి భార్యను అయ్యాను. టీవీలో గొంతు తగ్గించాలి, కళ్ళు తగ్గించాలి. ఆ తగ్గించడం నేర్చుకోవడానికి రెండేళ్ళు పట్టింది. ఒక సీరియల్‌లో పెద్ద వేషం దొరికిందని తెలిసి, నన్ను చూడడానికే అవ్వ బ్లాక్ అండ్ వైట్ టీవీ కొన్నది. వాడకట్టు ఆడవాళ్ళంతా వచ్చి చాపల మీద కూర్చున్నారు. నాలుగో వారం కథలో నా భర్త చచ్చిపోయాడు. టీవీలో నా చేతుల గాజులు పగలగొట్టి, బొట్టు చెరిపి, పుస్తెలతాడు తీశారు. నేను బాగా ఏడ్చానని నాకే అనిపిస్తుండగా అవ్వ లేచి టక్కున టీవీ బంద్ చేసింది.

"ఏమే, నీకు బుద్ధున్నదా? ఆయన నడిసంద్రంల ఉన్నడు. గీడ నువ్వు పుస్తెలు తీపిచ్చుకుంటవా?"

"అది యాక్టింగవ్వా."

"నీకు యాక్టింగు. గాలికి దెలుస్తదా? నీళ్ళకు దెలుస్తదా?"

ఆ వారమంతా ఆమె సరిగా అన్నం తినలేదు. ఆదివారం నాడు తల మీద నీళ్ళు పోసుకుని వచ్చి చెప్పింది: "మల్లన్నకు మొక్కిన. ఆయన పానం మంచిగుంటే మీ ఇద్దరిని పీటల మీద కూసోవెట్టి పట్నం ఏపిస్త. ఎన్నడొస్తడో కనుక్కో."

మా వైపు అది చిన్న మొక్కు కాదు. మల్లన్న కథలు పాడే ఒగ్గు పూజారులు నేల మీద పసుపు, కుంకుమ, ఆకుపచ్చ పొడులతో పట్నమనే పెద్ద ముగ్గు వేస్తారు. మొక్కు ఎవరి కోసమో ఆ ఆలుమగలు దాని ముందు కూర్చోవాలి. ఇప్పుడు నాకు ఒక మొగుడు కావాలి. లేకపోతే గది పోతుంది. గది పోతే నాలుగు రోజులు తిరిగి ఇంకొకటి వెతుక్కోగలను. సాయంత్రం గడప మీద నా కోసం కూర్చునే మనిషిని ఎక్కడ వెతుక్కోను?

ఎక్కువ నాటకాల్లో నాకు భర్తగా చేసిన తహసీలు గుమాస్తా దగ్గరకు పోయాను. అంతా విని పడిపడి నవ్వాడు.

"నాకు ఓడ గురించి ఏం దెల్వదు మేడం. పడవ గూడ ఎక్కలే."

"వంట అయితే వస్తది గద?"

"చాయ్ వస్తది. గీ సంగతి మా ఇంట్ల తెలిస్తే నన్ను నిజంగనే సముద్రంల ముంచుతది. పోయి ఆ ముసలామెకు ఉన్నదున్నట్టు చెప్పున్రి."

మరునాడు మధ్యాహ్నం అవ్వ చాటలో చింతపండు పోసుకుని గింజలు తీస్తోంది. నేను ఎదురుగా కూర్చుని, రాత్రంతా బట్టీ పట్టిన మాట చెప్పాను. "అవ్వా, నాకు మొగడు లేడు."

ఆమె చెయ్యి ఆగింది. "ఎన్నడు పోయిండు?"

"పోలేదు. అసలు లేనే లేడు. గది కోసం అబద్ధం చెప్పిన."

అవ్వ ఇంకో గింజ తీసి పక్కన వేసింది.

"ఇడిసిపెట్టిండా?"

"లేడంటున్న గదవ్వా!"

"ఇడిసిపెట్టినోళ్ళందరు గట్లనే అంటరు బిడ్డా. వంకాయ తిననోడు, నిద్రల ఉల్లిగడ్డలు లెక్కవెట్టేటోడు లేడంటే ఎవలు నమ్ముతరు? ఊకో. ఏడ్వకు."

నేను ఏడవడం లేదు. ఏడిస్తే నమ్మేదేమో. ఇన్నేళ్ళలో నేను చెప్పిన ఒకే ఒక్క నిజం అంత చప్పగా వచ్చింది.

"మొక్కు మొక్కే," అంది. "మనిషి రాకుంటే ఆయన అంగి పక్కన వెట్టుకొని కూసో. ఒక అంగి తే."

నా దగ్గర అతని అంగి ఎక్కడిది? బజారులో బట్టల దుకాణానికి పోయాను. సేటు అంగీలు పరిచి, "సైజెంతమ్మా?" అన్నాడు. అతను ఏ రేవులో ఏం వండాడో చెప్పగలను. ఛాతీ కొలత మాత్రం ఎన్నడూ అనుకోలేదు. చివరకు సేటునే చూపించి, "మీ అంత ఉంటడు," అన్నాను. నీలి గీతల అంగి ఇచ్చాడు. కొత్తగా కనబడకూడదని రెండుసార్లు ఉతికి దండెం మీద ఆరేశాను. ఎదురింటామె గోడ మీంచి చూసి, "అన్న వచ్చిండా?" అని అడిగింది. నేను తడి అంగి తీసుకుని లోపలికి పోయాను.

ఆదివారం చేర్యాల బస్సు ఎక్కి మల్లన్న గుడి తొవ్వ దగ్గర దిగాము. ఒగ్గు పూజారి పట్నం వేసి, నన్ను ఒక పీట మీద కూర్చోబెట్టి, రెండో పీట మీద మడత అంగి పెట్టాడు. "ఆయన పేరేంది?" అని అడిగాడు. పెళ్ళాం మొగుడి పేరు చెప్పకూడదు గనక నేను తల వంచుకున్నాను. నిజానికి మొదట్లో ఏం పేరు పెట్టానో నాకు జ్ఞాపకం లేదు. అవ్వ తడుముకోకుండా చెప్పింది. వాళ్ళు ఆ పేరుతో పాట ఎత్తుకున్నారు. అంత గట్టిగా అతన్ని పిలవగా నేను ఎన్నడూ వినలేదు.

గది పోలేదు. ఆ ఇంట్లో అవ్వ పోయేదాకా ఉన్నాను. కానీ ఆ ఆదివారం తరవాత ఆమె ఓడ ఎక్కడుందని అడగలేదు. అడిగితే నా మనసు నొస్తుందని ఆమె అనుకున్నది. అడగకుండా నేను చెప్పలేను. సాయంత్రం అదే గడప మీద ఇద్దరం కూర్చునేవాళ్ళం. చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. కాసేపటికి ఆమె లేచి లోపలికి పోయి టీవీ పెట్టేది. అందులో నేను ఎవరికో తల్లినై మాట్లాడుతూ ఉండేదాన్ని. అవ్వ దాన్ని వింటూ కూర్చునేది.