బడి గుడ్డు బొమ్మ

జూలూరుపాడు దాటాక అడవి అంచున ఉన్న ఈ బడికి బదిలీ మీద వచ్చి ఇంకా వారం కాలేదు. ఈ రోజు రెండో తరగతి పిల్లలకు ఆకారాల పాఠం చెప్పాను. గుండ్రం, చతురస్రం అయ్యాక కోడిగుడ్డు బొమ్మ గీయమన్నాను.

పలకలు చూస్తే చాలామంది ఒకేలా గీశారు. పైన వంపు, కింద తిన్నటి అడ్డగీత.

"ఇదేంది సమ్మక్కా, గుడ్డు గిట్ల ఉంటదా?" అని ముందు వరుసలో ఉన్న పిల్లను అడిగాను.

"గుండ్రంగ ఉండేది ఇంటి గుడ్డు టీచర్. ఇది బడి గుడ్డు," అంది నాకేమీ తెలియదన్నట్టు చూస్తూ.

మధ్యాహ్నం వంట దగ్గరికి వెళ్తే నిజమే. ఉడికిన గుడ్డును దారంతో నున్నగా రెండుగా కోసి, పిల్లకో ముక్క వేస్తున్నారు. ఒక్కొక్కరికి ఒక గుడ్డు ఇవ్వాలి కదా అని హెడ్మాస్టరును అడిగాను.

"మంచిదే గద మేడం. సగం అంటే ఏందో మీరు మళ్ల చెప్పే పని లేదు," అని ఆయన నవ్వాడు.

ఆ మాట అంటున్నప్పుడు ఆయన పళ్లెంలో రెండు గుడ్లున్నాయి. రెండూ గుండ్రంగానే ఉన్నాయి.

రేపు భిన్నాల పాఠం. సగం, సగం కలిస్తే ఒకటి అని చెప్పాలి. ఆ రెండో సగం ఎక్కడుందని సమ్మక్క అడిగితే ఏం చెప్పాలో మీరే చెప్పండి.