గొర్రెపేగు తీగలు

చనిపోయిన రోజు పొద్దున మా అన్న చెన్నయ్య గొర్రెపేగును అరచేతులతో పేని, వదినెతో కొసకు రాయి కట్టించి, చూరుకు వేలాడదీయించాడు. జొన్నగటక తిని గోడకు ఒరిగాడు. మళ్లీ లేవలేదు. శవాన్ని బయటికి తెస్తుంటే ఆ పేగు మా తలలకు తగిలింది. ఎవరమూ విప్పలేదు.

మాది మర్రిగూడ పక్క ఊరు. గొర్రెలు కాచి, ఉన్ని ఏకి, గొంగళ్లు నేసే ఇల్లు. ఉన్ని ఏకే వింటికి కట్టేది గొర్రెపేగే. 1954లో అన్న గొంగళ్లు అమ్మడానికి చిట్యాల పోయాడు. అక్కడ రోడ్డు పక్క చాయ్ హోటలు రఘుపతిది. ఒకప్పుడు హైదరాబాదులో మిలిటరీ బ్యాండులో వాయించిన మనిషి. హోటలు వెనక నిలువెత్తు వాద్యం ఒకటి తీగలు లేకుండా నిలబడి ఉంది.

"గిదేంది సారూ, ఫిడేలా, జొన్నలు పోసే గుమ్మియా?"

"డబుల్ బేస్. పేగు తీగలు కావాలె. దొరుకుతలేవు."

"పేగు నేను పేనుతా. వాయించుడు నువ్వు నేర్పు."

మొదటి తీగ తెగి అన్న చెంప చీరింది. రెండోది ఎండి పగిలింది. లావు తీగకు ఎన్ని పేగులు కలపాలో, ఎంత తడి మీద పేనాలో తెలిసేసరికి ఏడాది పట్టింది. ఆ తర్వాత వేళ్ల వంతు. తీగ నొక్కీ నొక్కీ ఎడమచేతి వేళ్ల కొసలు పగిలేవి, మానేవి, మళ్లీ పగిలేవి. చివరికి కాయలు కాసి, మధ్యలో తీగ గాడి నల్లగా దిగింది.

"గొర్రెపిల్లను ఎట్ల పడతవు? గట్ల పట్టు. జారొద్దు, నలగొద్దు," అనేవాడట రఘుపతి.

మూడేళ్లకు చేయి కుదిరింది. "గీ మోత చెవులకు కాదు తమ్మీ, పక్కటెముకలకు వినబడ్తది," అన్నాడు అన్న నాతో. రఘుపతి హోటలు మూసి బిడ్డ దగ్గరికి పోతూ వాద్యం అన్నకే ఇచ్చాడు. గొంగళ్లు చుట్టి బండి మీద తెస్తుంటే, పోయింది ఎవరని దారిపొడవునా అడిగారు.

అన్నకు ఒకటే కోరిక. బీరప్ప పండుగనాడు ఒగ్గుకథలో డోలు కింద దాన్ని మోగించాలి. కథ చెప్పే బుచ్చయ్య ఒప్పుకోలేదు. "దేవుని ముంగట డోలు, తాళాలు. గా గుమ్మిని నీ కొట్టంల పెట్టుకో." అన్న ఏటేటా అడిగాడు. ఏటేటా అదే జవాబు.

పొద్దుగూకే వేళ కొట్టంలోనే వాయించేవాడు. వదినె గోపమ్మ లోపలే ఉండేది. నాకు చిట్యాలలో బడి నౌకరి. సెలవులకు వచ్చినప్పుడు బయట మంచం మీద పడుకుని వినేవాణ్ని. లోపల ఉన్ని దుమ్ముకు నాకు దగ్గు వచ్చేది. అప్పటికే అన్న మెడ తిరగదు, నడుము వంగదు. వాతమనుకున్నాం. మా బావి నీళ్లలో ఎముకలను బిగదీసే ఫ్లోరైడు ఉందని ఇంకా ఎవరూ చెప్పలేదు. పాట మాత్రం ఎప్పటిలాగే వచ్చేది.

1967లో నేనే బుచ్చయ్యను పట్టుకుని, వారం రోజులు తిరిగి, ఒప్పించాను. సంబరంగా అన్నకు చెప్పాను.

"వద్దు తమ్మీ. కొట్టంలనే మంచిగున్నది."

"పదేండ్లు అడిగితివి గదనే. మాట గూడ ఇచ్చిన."

అన్న వదినె వైపు చూశాడు. "నువ్వు మాట ఇచ్చినంక నేనేమంట."

మాలో ఒగ్గుకథ బృందంలో ఆడవాళ్లు నిలబడరు. వదినె ఎదురుగా ఆడవాళ్లలో కూర్చుంది. అన్న కుడిచేత్తో మీటాడు. నాలుగు తీగలకు నాలుగు మోతలు. బుచ్చయ్య శ్రుతి పెంచాడు. మళ్లీ అవే నాలుగు. ఎడమచేయి వాద్యం మెడకు కర్రలా ఆనించి ఉంది.

"చెన్నయ్యా, ఉన్ని ఏకుతున్నవా? గొంగడి ఎన్నడిస్తవు?" అన్నారెవరో. జనం నవ్వారు. కథ సగంలో ఉండగానే అన్న వాద్యాన్ని పక్కకు ఒరిగించి బయటికి నడిచాడు.

ఇంటి దారిలో నేను ఊరుకోలేదు. "రాకుంటే రాదని చెప్పొద్దా? నా పరువు తీసినవు. ఇగ దాన్ని ముట్టకు."

వెనక వస్తున్న వదినె ఏదో అనబోయింది. "ఊకో," అన్నాడు అన్న. నెల తిరక్కుండానే పోయాడు. ఆ నెలంతా నేను మాట్లాడలేదు.

పదకొండోనాడు వదినె చూరుకున్న పేగు తీగ విప్పి నా చేతికిచ్చింది. ఇస్తుంటే ఆమె ఎడమచేతి వేళ్లు కనబడ్డాయి. కాయలు కాసిన కొసలు, మధ్యలో నల్లటి గాడి.

"ఆయన వేళ్లు వంగుడు బందయి మూడేండ్లాయె," అంది వదినె. "నొక్కింది నేనే."