అత్తమ్మ కడిగిన నూకలు

జెర దగ్గరికి జరిగి కూసో. గట్టిగ చెప్పే ముచ్చట కాదు. తొమ్మిదేండ్ల సంది ఒక్కదాన్నే మోస్తున్న. మా ఆయనకు తెల్వదు, నా బిడ్డకు తెల్వదు. చర్చిల అందరు కండ్లు మూసుకొని ఎవరికి వాళ్లు ప్రార్థన చేసుకునేటప్పుడు నాలిక కొస దాక వస్తది, మళ్ల మింగుత. నీకెందుకు చెప్తున్ననో నాకే సరిగ్గ తెల్వదు. నువ్వు మా అత్తమ్మను సూడలే, అందుకే కావచ్చు.

మేము చిట్కుల్‌ల ఉంటం. ఇంటి ఎనుక చిన్న జాగ, అండ్ల ఒక కరివేపాకు చెట్టు, దండెం, బట్టలుతికే బండ. ఎండలు మొదలయ్యే దినాలల్ల, ఈస్టరుకు ముందటి నలభై రోజులు, అత్తమ్మ పొద్దుగాల లేవంగనే రెండు పిడికిళ్లు తీసేది. ఒక పిడికెడు బియ్యం చర్చికి. ఒక పిడికెడు నూకలు పిట్టలకు. పురుగు పట్టకుండ మేము బియ్యంల, నూకలల్ల బోరిక్ పౌడర్ కలిపి పెడ్తం. అది పిట్టల కడుపుల పడితె విషమే, అందుకే పిట్టల నూకలు గూడ మంచిగ కడిగి వేసేది. పక్కన మట్టి మూకుడుల నీళ్లు. గోడకున్న కరెంటు మీటరు డబ్బా ఎనుక పిచ్చుకలు గూడు పెట్టినయి. నేను చెప్పే యేడు గూట్ల మూడు పిల్లలు.

నీళ్లు పోసే పని నాది. నల్లా నీళ్లు దినం తప్పించి దినం వస్తయి. బోరు నీళ్లు ఎప్పుడంటె అప్పుడు వస్తయి గాని, మా దిక్కు ఎవ్వరు తాగరు. కంపెనీల మురికి భూమిల ఇంకి పచ్చగ వస్తయి, మందుల వాసన కొడ్తయి. ఒకపారి నేను బోరు నీళ్ల చెంబు పట్టుకొని పోతుంటె అత్తమ్మ అడ్డం వచ్చింది. "ఏందే పిల్లా, ముందుగాల నువ్వొక గుక్క తాగి సూపియ్యి. నువ్వు బతికితె అప్పుడు వాటికి పోద్దువు." పక్కింటోళ్లు గూడ నవ్విండ్రు. నేనూ నవ్విన. లోపట మాత్రం మండింది.

ఆ ముచ్చటైన కొన్నాళ్లకు ఒక వారం నల్లా బంద్. మంచినీళ్లు రెండు బిందెలే మిగిలినయి. ఒక పొద్దుగాల బోరు నీళ్ల వాసన రోజుకన్న ఘాటుగ ఉండె. నా ముక్కుకు తెలిసింది. అయిన మూకుడుల అవే పోసిన. పిట్టలే గద అనుకున్ననా? లేకుంటె ఆమె నవ్విన నవ్వుకు గిట్ల బదులు తీర్చుకున్ననా? తొమ్మిదేండ్లు తవ్విన గాని అడుగు దొరకలే.

పగటాల్లకు మూకుడు సుట్టు పడి ఉన్నయి. రెండు గువ్వలు, ఒక గోరింక, మీటరు డబ్బా పిచ్చుకలు రెండూ. అత్తమ్మ నేల మీద కూలబడి, ఒక్కొక్కదాన్ని ఒళ్లె పెట్టుకొని రెక్కలు సదిరింది. నేను మూకుడు ఒంపేసి, కడిగి, బోర్లించిన. నా చేతులు ఎంత జల్దీ ఆడినయో తలుసుకుంటె ఇప్పటికీ సిగ్గైతది. ఆమె నా దిక్కు సూడలే. తన అరచేతులు సూసుకుంట కూసున్నది.

"పిల్లా, పొద్దుగాల నేను నూకలు కడిగిన్నా?"

నాకు యాది ఉన్నది. నాకన్నీ యాది ఉంటయి. ఎవరి పెండ్లికి ఎవరు ఏ చీర కట్టిండ్రో అడుగు, చెప్త. ఆ పొద్దుగాల ఆమె మూడుసార్లు కడిగింది. మూడోసారి నీళ్లు తేటగ వచ్చినయని నాకు సూపించింది గూడ.

"ఏమో అత్తమ్మా, నేను సూడలే. నీకీ మధ్య యాది ఉంటలేదు గద" అన్న.

గంతే. గా ఒక్క మాట.

గూట్ల పిల్లలు అరుస్తనే ఉన్నయి. వాటిని సాదుడు అత్తమ్మకు తెలుసు. మెతుకు నానబెట్టి, నలిపి, అగ్గిపుల్ల కొసకు పెట్టి నోట్లె వేసేది, అంతకు ముందు రెండింటిని అట్లనే బతికించింది. రమ్మని పిలిసిన. "వద్దే, వాటికి నా చెయ్యి తగలొద్దు" అన్నది. నేను పెట్టి సూసిన, నాకు చేతగాలే. రెండు రోజులు అరిచినయి. మూడోనాడు సప్పుడు లేదు. ఆ రెండు రోజులల్ల ఎప్పుడు చెప్పినా ఆమె లేచి ఉరికొచ్చేది. నీ నూకలు కాదత్తమ్మా, నా నీళ్లు అనాలె, అంతే. ఎందుకనలే? తిడ్తదని భయమా? తిట్టే మనిషి గాదు. అంతకుముందు సూసినట్టు ఇగ నన్ను సూడదని భయం.

అంతటితోని ఆగినా బాగుండు. నా బిడ్డకు అప్పుడు నాలుగేండ్లు, నాయనమ్మ చేతి ముద్ద తప్ప తినకపోయేది. ఆ రోజు సంది అత్తమ్మ దానికి కలిపి పెట్టుడు బంద్ చేసింది. పిల్ల పళ్లెం పట్టుకొని పోతె, చేతులు కొంగుల దాసుకొని "మీ అమ్మ పెడ్తది, పో" అనేది. బియ్యం కడుగుడు మానేసింది. పొయ్యికాడికి వచ్చుడు మానేసింది. ముసలితనం అన్నడు మా ఆయన. అవునన్న.

రెండేండ్లకు ఆమె పోయింది. మంచంల ఉన్నప్పుడు నేను జావ తాపుతుంటె, రెండు చేతులు లేపి నాకే దండం పెట్టింది. అప్పుడన్న చెప్పొద్దా? గ్లాసు కడగనీకె లేచి పోయిన.

బోరు నీళ్లకే సచ్చినయని ఎవరు పరీక్ష చేసిండ్రు అని, అప్పుడప్పుడు నా మనసు నన్ను తప్పించ సూస్తది. ఏమో, నీళ్లు గాకపోవచ్చు. కాని ఆమె అడిగింది నీళ్ల సంగతి కాదు. కడిగిన్నా అని అడిగింది. కడిగింది. నేను సూసిన.

ఇగో, చెప్పిన. ఆమె వినాల్సిన మాట నువ్వు విన్నవు, దాంతోని నా తప్పు తక్వగాదు. మాఫీ చేసేటామె లేదు, నిన్ను చెయ్యమని అడగను. ఊపిరి మాత్రం జెర లోపటి దాక దిగింది. నీ ఇంటిని దేవుడు సల్లగ సూడాలె. నీ ఇంట్ల ముసలోళ్లు ఏదన్న అడిగితె, నిజం చెప్పేటోళ్లు పక్కన ఉండాలె.