తిట్టు లేని హోటలు

ఆ రోజుల్లో వ్యాపారం ఎలా నడపాలో చెప్పడానికి కాలేజీలు ఉండేవి కావు. నోరుంటే వ్యాపారం ఉన్నట్టే అనుకునేవాళ్లం. ఈమధ్య మా మనవడు పనివాళ్లతో ఎలా మెలగాలో ఏళ్ల తరబడి చదివి, పట్టా పుచ్చుకుని, ఆ పద్ధతులన్నీ నాకు వివరించబోయాడు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ చదువు నేను ఆత్మకూరు బస్టాండు పక్కన, దోసె పెనం ముందర, ఒక్క వారంలో చదివేశాను (పట్టా మాత్రం ఎవరూ ఇవ్వలేదు).

తెల్లదొరలు వెళ్లిపోయి కొన్నేళ్లయింది. నేను నెల్లూరు నుంచి ఆత్మకూరుకు కొత్త కోడలిగా వచ్చాను. మామగారు లేరు. మా ఆయన కలువాయిలో బడిపంతులు, ఆదివారాలకు మాత్రమే దొరికే మనిషి. కాఫీ హోటలు మా అత్తది. ఆమె పద్ధతి ఒక్కటే: పొద్దున పొయ్యి అంటించగానే తిట్లు మొదలుపెట్టేది, పొయ్యి ఆరేదాకా ఆపేది కాదు. ఉదయగిరి బస్సు ఎక్కబోయేవాళ్లు కూడా ఆ గొంతు విని "హోటలు తెరిచినారు, కాఫీ తాగి పోదాం" అని వెనక్కి వచ్చేవారు. ఆ తిట్లు తినడానికి ఇద్దరుండేవారు. ఒకరు దోసెల మాస్టరు, అత్తను అక్కా అని పిలిచే పెద్దమనిషి. రెండో మనిషి వడ్డించే సుడిగాలి. ఉదయగిరి సాయిబుల ఇంటి మనిషి, పెళ్లాం పిల్లలున్నవాడు. (అతనికి ఆ పేరు పెట్టినవాళ్లు అతని నడక చూసే పెట్టారు. గ్లాసు నీళ్లు తెచ్చేలోపు దాహం దానంతటదే తీరిపోయేది.)

అరిచి అరిచి ఒకరోజు అత్త గొంతు మూగబోయింది. డాక్టరు చూసి, వారం రోజులు నోరు మెదపకూడదని, గుసగుసలాడినా సరే గొంతు ఇక తిరిగి రాదని బెదిరించాడు. హోటలుకు వెళితే అరవకుండా ఉండలేదు కనుక ఆమెను ఇంట్లో కూర్చోబెట్టాం. కబురు తెలియగానే అనంతసాగరం నుంచి మా చినమామ, అంటే మామగారి తమ్ముడు, దిగాడు. "ఆడకూతుళ్లకు యాపారం ఎందుకు వదినా? సంత రోజు దాకా చూస్తా. కోడలు నడపలేకపోతే హోటలు నాకు అప్పజెప్పండి" అన్నాడు. అత్త కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు చూసి నాకు పట్టుదల వచ్చింది. హోటలు పోనిచ్చేది లేదనుకున్నాను.

అయితే నా పద్ధతి వేరు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా నాయన చెప్పి పంపాడు. మొదటి రోజు చట్నీ ఉప్పుకషాయంలా ఉంటే, "పరవాలేదు మాస్టరన్నా, మీరు నెమ్మదిగా చెయ్యండి" అన్నాను. మాస్టరు గరిటె దించి నన్ను అదోలా చూశాడు. సుడిగాలి గ్లాసులు పగలగొడితే "చేతికి తగల్లేదు కదా?" అని అడిగాను. అతని ముఖం వాడిపోయింది. నేను తియ్యగా మాట్లాడేకొద్దీ దోసెలు మాడుతూ వచ్చాయి. సంత ఇంకా రెండు రోజులుందనగా మాస్టరు ఇంటికి వచ్చి, అత్త ఎదుట నిలబడి, "నేను పోతానక్కా. సంతరోజు పొద్దున ఒక వాయి పోసి, మధ్యాన్నం బస్సుకు పోతా" అన్నాడు.

"నేనేమన్నాను మాస్టరన్నా?" అన్నాను.

"ఏమీ అనలేదు. అదే గదమ్మా బాధ! చట్నీ ఉప్పుకషాయమైతే పరవాలేదంటివి. మన మనిషైతే ఊరుకుంటామా? హోటలు తను తీసుకుంటే కొత్త మాస్టర్ని పెడతానని మీ చినమామ చెప్పినాడు. పోయేవోణ్ణి మంచిమాటలతో సాగనంపతుండావు, అంతే గదా!" అని తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. కాదని ఎంత చెప్పినా, ఎంత మర్యాదగా చెబితే అంత అనుమానం పెరిగింది ఆయనకి.

ఆ సాయంత్రమే అత్త దగ్గర తిట్టడం నేర్చుకోవడానికి కూర్చున్నాను. గురువుగారికా గొంతు లేదు. చేతిలో విసనకర్ర ఉంది. ఎదురుగా కట్టేసిన గేదెను తిట్టమని సైగ చేసింది. "నీకు బుద్ధి ఉందాండీ?" అన్నాను. మోకాలి మీద విసనకర్రతో ఒక్కటి పడింది. గేదె నెమరు ఆపలేదు. చీకటి పడేసరికి నాకు ఒకటి రెండు తిట్లు పట్టుబడ్డాయి కానీ, గేదె ముఖం చూస్తే జాలేసి చివర్లో "పోనీలే" అనేసేదాన్ని. అత్త శబ్దం లేకుండా కడుపు పట్టుకుని నవ్వింది.

సంతరోజు వచ్చింది. హోటలు కిటకిటలాడుతోంది. మాస్టరు అప్పుడే తువ్వాలు భుజాన వేసుకుని, ఒక కన్ను పెనం మీద, ఒక కన్ను బస్సు మీద పెట్టాడు. చినమామ ముందు బల్ల మీద దర్జాగా కూర్చున్నాడు. ఆయన ముందుకు వచ్చిన దోసె బొగ్గులా ఉంది. "పరవాలేదులేమ్మా, రేపట్నించి నేను చూసుకుంటా గదా!" అన్నాడు నవ్వుతూ. నేను వారమంతా పంచిపెట్టిన ఆ 'పరవాలేదు' నాకే తగిలేసరికి ఒళ్లు మండిపోయింది. ఎక్కడినుంచి వచ్చిందో ఆ గొంతు!

"ఏంది మాస్టరూ! కళ్లు పెనం మీద పెట్టినావా, బస్సు మీద పెట్టినావా? నీ దుంపతెగ, ఇట్టాంటి దోసె నీ బిడ్డలకు పెడతావా? దించు ఆ తువ్వాలు! యాడికి పోయేది నువ్వు? ఇది మా హోటలు, నువ్వు మా మనిషివి. నేను చెప్పిందాకా పెనం కాడ్నించి కదిల్తే కాళ్లిరగ్గొడతా!"

మాస్టరు ముఖం మెల్లగా విప్పారింది. "అట్టా చెప్పు మరి!" అంటూ తువ్వాలు మేకుకు తగిలించి పెనం మీద నీళ్లు చల్లాడు. సుడిగాలి దగ్గరికి వచ్చి, బిక్కమొహంతో, "మరి నన్నేమీ అనవా వదినమ్మా?" అన్నాడు. "నీకు వేరే చెప్పాల్నా మొద్దు సచ్చినోడా? నీళ్లు తే!" అన్నాను. ఆ రోజు అతను తన పేరు నిలబెట్టుకున్నాడు. అదే ఊపులో చినమామ వైపు తిరిగి, "తిన్నది చాలు, లేచి చోటియ్యండి, సంతజనం నిలబడుకోనుండారు" అన్నాను. ఆయన లేచినవాడు లేచినట్టే అనంతసాగరం వెళ్లిపోయాడు. హోటలు మాట మళ్లీ ఎత్తలేదు.

ఇంటికి వచ్చేసరికి నా గొంతు కూడా పోయింది. అత్త మిరియాల పాలు కాచి రెండు గ్లాసుల్లో పోసింది. అత్తాకోడళ్లం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ, మాటా పలుకూ లేకుండా తాగాం. అంత సంతోషంగా నేను మళ్లీ ఎప్పుడూ పాలు తాగలేదు.

ఆ తరువాత చాలా ఏళ్లు హోటలు నడిపాను. నా తిట్లకు మా అత్త తిట్లంత పేరు రాలేదు కానీ, పెనం ఆరలేదు. అత్త చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం నన్ను మెత్తగా పిలిచి, "అన్నం తిన్నావా తల్లీ? నీకు శానా శ్రమ ఇస్తుండా" అంది. అంతమంది పనివాళ్లను గడగడలాడించిన దాన్ని, మంచం పక్కన కూలబడి, "నన్నొక మాట అను అత్తా" అని చిన్నపిల్లలా ఏడ్చాను. తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆమె చేత్తో తడిమి విసనకర్ర అందుకుని నా మోకాలి మీద ఒక్కటి వేసి, "నీ మొహం మండ, ఏడవబాక! పొయ్యి మీద పాలు పొంగిపోతుండాయి, పో!" అంది.

పొయ్యి మీద పాలు లేవు, పొయ్యే అంటించలేదు. అయినా కళ్లు తుడుచుకుని, పరుగున వెళ్లి చూసివచ్చాను.