‘జ’ నంబరు బండి

కాఠ్మాండూలో పనికి వెళ్లే దారిలోని కూడలి దగ్గర సోగారథ్ మండల్‌ను పోలీసులు ఆపని వారం లేదు. ఆయన మోటారుసైకిల్ ఎర్ర నంబరు పలక మీద, దక్షిణాన మైదానంలో ఉన్న తన జనక్‌పుర్‌ను తెలిపే ‘జ’ ఉంటుంది. చుట్టూ రాజధాని ‘బా’ బళ్లు సాగిపోతుంటే ఈయన పక్కకు దిగి, కాగితాలు చూపించి, సంచిలో ఉన్న సోఫాలు కుట్టే పెద్ద సూదికి సంజాయిషీ చెప్పుకుని, “సరే హజూర్” అని బయలుదేరేవాడు. పదకొండేళ్లుగా ఇదే తంతు.

“ఆ ‘జ’ పీకించి ‘బా’ వేయించు. వారం వారం ఇలా ఆలస్యమైతే ఇంకొకణ్ణి పెట్టుకుంటా,” అన్నాడు సోఫాల దుకాణం యజమాని.

మార్చడానికి ఆయనకు మనసొప్పలేదు. అద్దె గదిలో తన ఊరి భాష మైథిలిలో పలకరించే మనిషి లేడు. బళ్లు ఆగినప్పుడల్లా ముందున్న పలకల్లో ‘జ’ కోసం వెతుక్కునేవాడు. కనిపిస్తే, తనకు దారి కాకపోయినా, కాసేపు దాని వెనకే వెళ్లేవాడు.

చివరికి పని పోతుందన్న భయంతో నంబరు మార్పు కాగితాలు జేబులో పెట్టుకుని బయలుదేరిన రోజే ఒక ‘జ’ స్కూటరు కనిపించింది. పక్కకు చేరి మైథిలిలో అడిగాడు.

“భైయా, మీది ఏ ఊరు?”

స్కూటరాయన అయోమయంగా చూశాడు. “నాకు ఆ భాష రాదు దాజూ,” అన్నాడు నేపాలీలో, అన్నా అని పిలుస్తూ. “ మాది ఇక్కడే. బండి పాతది కొన్నాను.”

అంతలో ఇద్దరినీ ఆపారు. పోలీసు స్కూటరాయన కొండప్రాంతపు ముఖం చూసి, ఆయన నేపాలీ రెండు మాటలు విని, “మీరు వెళ్లండి” అన్నాడు. ఇటు తిరిగి, “నువ్వు దిగు. సంచిలో ఏముంది? మళ్లీ ఆ బల్లెమేనా?”

పక్కనున్న పోలీసు నవ్వాడు.

“సోఫా సూది, హజూర్.”

స్కూటరాయన ఒక్క క్షణం ఆగి, వెళ్లిపోయాడు.

రెండు పలకల మీదా అదే అక్షరం. తనను దింపింది పలక చూసి కాదు, మైదానపు ముఖం చూసి అని సోగారథ్‌కు అర్థమైంది. కాగితాలు పెట్టెలో పడేశాడు. ఇప్పుడు పనికి గంట ముందే బయలుదేరతాడు, ఆపినా ఆలస్యం కాకుండా. పలకల్లో వెతకడం మాత్రం మానేశాడు.

మన కూడళ్లలోనూ పక్క రాష్ట్రం నంబర్లున్నాయి. ఆ బళ్ల మీద వచ్చినవాళ్లలో ఒక్కణ్ణే దింపి సంచి విప్పిస్తుంటే మీ బండి పక్కకు తీయండి. అతని పక్కన నిలబడి, ఎందుకు ఆపారని మర్యాదగా అడగండి. స్కూటరాయన ఆ ఒక్క క్షణం తర్వాత చేయవలసింది అదే.