ఎర్ర రంగు కోసం ప్రార్థన

తెరిసమ్మకు తోడికోడలు సుజానా అంటే మొదట్నుంచీ పడదు. కానీ అసలు కడుపుమంట మాత్రం ఆస్పత్రివాళ్లు ఊళ్లోకి టేపు తెచ్చాకే మొదలైంది. పసిపిల్లల జబ్బకు ఆ టేపు చుడతారు. పచ్చ రంగు దగ్గర ఆగితే "బాగున్నాడమ్మా" అని పంపేస్తారు. ఎరుపు దగ్గర ఆగితే చోడిపిండి, అదే రాగిపిండి, గుడ్లు, పల్లీ ఉండలు ఇంటికిస్తారు. సుజానా కూతురికి ఎరుపొచ్చింది. తెరిసమ్మ కొడుకు జాకబ్‌కు పచ్చ.

తెరిసమ్మ కుళ్లిపోయింది. గోడ అవతల సుజానా గుడ్డు పెంకు ఒలుస్తుంటే ఆ చప్పుడు కూడా తనను వెక్కిరించినట్టే ఉండేది. తనింట్లో చోళ్లు ఎప్పుడో అడుగంటాయి. కొండమీది పోడు పంట కోతకొచ్చేదాకా, ఉన్న కాస్త గంజీ కొడుక్కి పోసి, తను మామిడిటెంకల అంబలి తాగి నెట్టుకొస్తోంది. కడుపు మాడ్చుకుని పెంచినదానికి ఉత్త మెచ్చుకోలు, పిల్లని చిక్కిపోనిచ్చినదానికి గుడ్లూనా? ఇదెక్కడి న్యాయం?

ఎరుపంటే దేవుడి దీవెనే అనుకుంది. ఆదివారం చర్చిలో పాస్టరుగారు ప్రార్థన అవసరాలు చెప్పమనగానే లేచి నిలబడింది.

"మా గుంటడికీ ఎర్ర రంగు వొచ్చీలాగ ప్రార్థన సెయ్యండయ్యా."

సుజానా ముఖం పాలిపోయింది. కొందరు నవ్వారు. చర్చికొచ్చినా మందుల సంచి వదలని ఆస్పత్రి నర్సు డాలీ మాత్రం నవ్వలేదు. ఆరాధన అవగానే తెరిసమ్మను పక్కకు పిలిచింది.

"ఎరుపంటే పిల్ల బతుకుతాదో లేదో అన్నంత సిక్కిపోయిందని, ఎర్రిదానా! పొద్దున్న నువ్వేటి తిన్నావు?"

"టెంకంబలమ్మా."

"నిన్న?"

"అదే."

డాలీ సంచిలోంచి పెద్దవాళ్ల టేపు తీసి ఆమె జబ్బకు చుట్టింది. ఎరుపు.

"అయితే నాకూ గుడ్లిస్తారా?" తెరిసమ్మ ముఖం వెలిగిపోయింది.

"ఇస్తాం. ఇంటికిస్తే గుంటడికే పెట్టేస్తావు. రోజూ మా ఆస్పత్రి సెంటర్‌కొచ్చి నా ముందర తినాల."

మర్నాడు తెరిసమ్మ సెంటర్లో గుడ్డు పట్టుకుని కూర్చుంది. బరువు చూపించడానికి వచ్చిన సుజానా, కూతుర్ని ఒళ్లో పెట్టుకుని పక్కనే ఉంది. ఇన్నాళ్లూ ఆ పిల్లకొచ్చే గుడ్డునే చూసింది గానీ పిల్లను చూడలేదు తెరిసమ్మ. కాళ్లు పుల్లల్లా ఉన్నాయి. కళ్లెదుట గుడ్డున్నా చెయ్యి చాచలేదు. తెరిసమ్మ చిన్న ముక్క విరిచి నోటికందిస్తే తల తిప్పేసుకుంది.

తెరిసమ్మ ఆ ముక్కను మళ్లీ పిల్ల పెదాలకు ఆనించింది.

"తినే నా తల్లీ," అంది. "బేగి పచ్చ రావాల నీకు."