పెద్దమ్మ సద్ది మూట

మా పెద్దమ్మ అంటే నాకు ముందు ఆమె సద్ది మూటే యాదికొస్తది.

ఒకప్పుడు ఇబ్రహీంపట్నం మార్కెట్‌కు ఎవరి టమాట వాళ్లం తెచ్చేటోళ్లం. ఎండెక్కితే కాయ మెత్తవడ్తదని భయం. సరుకు కొనే సేటు ఎంతంటే అంతకే ఇచ్చి, తొవ్వపొడుగునా అతన్ని తిట్టుకుంట ఇంటికి పోయేటోళ్లం. పెద్దమ్మే ఊరందరి బాక్సులు ఒక్కకాడ పెట్టించింది. "బేరం నేను చేస్త. మీరు నోరు మూసుకొని నా పక్కన కూసోండ్రి" అన్నది.

సేటు తక్కువ ధర చెప్తే ఆమె కొట్లాడేది కాదు. బాక్సుల నీడకు కూసోని, సద్ది మూట ఒళ్లె పెట్టుకొని, మెల్లగ ముడి విప్పవట్టేది. పట్నం పోవాల్సిన సేటు డీసీఎం బండి ఖాళీగ నిలవడేది.

"ఏందమ్మా, ఈడనే తింటరా?"

"అవ్ సేటు. మాకేం తొందర?"

ముడి సగం వదులు కాకముందే ధర పెరిగేది.

ఒకనాడు నాకు మస్తు ఆకలైంది. బుక్కెడు తిందామని ఆమె మూట గుంజుకొని విప్పిన. లోపల ఉత్త గిన్నె.

"పెద్దమ్మా, ఏం లేదు గిండ్ల!"

ఆమె గబుక్కున నా నోరు మూసి, సేటు దిక్కు చూసింది.

"మెల్లగ, బిడ్డా! ఇన్నేండ్లల్ల గా ముడి ఆఖరుదాక విప్పింది నువ్వొక్కనివే."